పేరున్న ధర్మం, పేరులేని ధర్మం

విశాఖపట్నంలో ఎవరికైనా దారి చెప్పవలసివస్తే ఎవరో ఒక మహానుభావుని పేరు తలచుకోక తప్పదు. కురుపాం మార్కెట్ దగ్గర దిగమంటారు, టర్నర్ సత్రం దాటిరమ్మంటారు, ఏవీఎన్ కాలేజీ డౌన్‌లో నిలబడమంటారు, కేజీహెచ్ డౌన్‌లో మందులషాపు పక్కన ఉన్నామంటారు. కురుపాం ఎక్కడుందో, టర్నర్ ఎవరో, ఏవీఎన్ అన్న మూడక్షరాల వెనుకనున్న కుటుంబమేదో చెప్పేవారికీ అక్కర లేదు, వినేవారికీ అక్కర లేదు. ఒకనాటి దానశాసనాలు నేడు బస్సుస్టాపులైనాయి. అది తప్పని నేననను. దాతకు దక్కగల దీర్ఘాయువు బహుశా ఇదే కావచ్చు.

అయితే ఈ పేర్లను చదువుతూ పాతనగరంలో నడిచినప్పుడల్లా నన్నొక ప్రశ్న వెంటాడుతుంది. ఈ ఆసుపత్రులు, కళాశాలలు, అంగళ్ళు, సత్రాలు, చర్చిలు - ఇవన్నీ ఎవరి ద్రవ్యంతో లేచినవి? గోడమీద పేరున్నవారి ద్రవ్యంతోనని తేలికగా చెప్పవచ్చు. మరి ఆ పేరున్నవారికి ద్రవ్యం ఎక్కడినుండి వచ్చినది?

ఈ ప్రశ్న నాకు తోచడానికి కారణం ఉన్నది. మాది దేవరాపల్లి ప్రాంతం. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడేవరకు మేము విశాఖపట్నం జిల్లావాసులమే. శారదానది ఒడ్డున వరీ చెరకూ పండించుకునే మా వైపువారికి పట్నమంటే విశాఖ. జబ్బు ముదిరితే అక్కడికే, పెద్ద చదువుకూ అక్కడికే, పెళ్ళి బంగారానికీ అక్కడికే. పట్నం మాకు పెట్టిందన్న కృతజ్ఞత మావారిలో తరతరాలుగా ఉన్నది. కానీ పట్నానికి మేమేమైనా పెట్టామా అన్న లెక్క ఎవరూ తీసినట్లు లేదు. ఈ వ్యాసం ఆ లెక్కకొక చిత్తుప్రతి.

ముందుగా పాతనగరపు రూపురేఖలు. 1682లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పినది. నాటి భాషలో దానిని 'ఫ్యాక్టరీ' అనేవారు. సరుకు నిల్వచేసే గిడ్డంగి, గుమాస్తాల నివాసం కలిసిన చోటన్నమాట. దానిచుట్టూ కోట లేచినది. నేడు ఆ కోట లేదు, కోటవీధి మిగిలినది. సైనికులు లేరు, సోల్జర్‌పేట మిగిలినది. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ పట్నాన్ని పట్టుకున్నాడు; మరుసటి సంవత్సరమే అది తిరిగి ఆంగ్లేయుల చేతికి వచ్చినది. 1780 అక్టోబరు 3న ఇక్కడి సిపాయిలు, హైదరాలీతో యుద్ధానికి ఓడలెక్కి మద్రాసు వెళ్ళమనగా తిరస్కరించి తిరగబడ్డారు. 1857కు 77 సంవత్సరాల పూర్వపు ముచ్చట ఇది. చరిత్ర పాఠ్యగ్రంథాలలో దీనికి దక్కిన చోటు బహు స్వల్పం.

ఓడరేవు కాలువ పక్కన వరుసగా మూడు కొండలున్నాయి. ఒకదానిమీద వేంకటేశ్వరుని గుడి, ఒకదానిమీద ఇషాక్ మదీనా దర్గా, మరొకదానిమీద మేరీమాత ఆలయం. ఆ మూడవ కొండకు రాస్ హిల్ అని పేరు. రాస్ అనే దొర 1864లో అక్కడ ఇల్లు కట్టుకోగా, తరువాతికాలంలో ఆ ఇల్లే ప్రార్థనాలయమైనది. వేంకటేశ్వరుని గుడిని కూడా బ్లాక్‌మోర్ అనే ఆంగ్లేయ కెప్టెన్ కట్టించాడని చెబుతారు. ఓడలు దర్గా ముందునుండి పోతూ జెండా దించి వందనం చేసేవని మరొక మాట. డిసెంబరు 8న మేరీమాత పండుగకు కొండెక్కేవారిలో క్రైస్తవులు కానివారు ఎందరో ఉంటారు. మొక్కుకు మతం అడ్డురాని ఊరిది.

చర్చిల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కోట ఉన్నచోట దొరల ప్రార్థనకొక చర్చి ఉండడం సహజం. పాతనగరంలోని సెయింట్ జాన్స్ చర్చి, వాల్తేరు వైపున్న సెయింట్ పాల్స్ చర్చి అటువంటివి. 19వ శతాబ్దంలో వెలసిన ఈ రెండూ మొదట కంపెనీ ఉద్యోగులకూ సైనికులకూ ఉద్దేశించినవి. వీటికి భిన్నమైన చరిత్ర లండన్ మిషనుది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డి గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చారు, బడి పెట్టారు, బైబిలు తెనిగింపుకు పూనుకున్నారు. క్రాన్ 1809లో, డి గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. అయిదేళ్ళు నిండీ నిండకుండానే ఇద్దరూ ఈ నేలలో కలిశారు. వారు తెనిగించిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయినాయి. వారి తరువాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడినది.

తెలుగు అచ్చుపుస్తకం ఇంకా పసితనంలో ఉన్న రోజులవి. బ్రౌను దొర ఉద్యోగానికి మద్రాసు చేరినది 1817లో. అంతకు ముందే విశాఖలో కూర్చుని ఎవరో తెలుగు వచనాన్ని అచ్చుకు సిద్ధం చేశారంటే, మతాన్ని పక్కనబెట్టి చూచినా, మన వచన చరిత్రలో అదొక మైలురాయి. మరి అయిదేళ్ళలో పరభాష నేర్చి గ్రంథం తెనిగించడం ఇద్దరు దొరలకు సాధ్యమా? ఇక్కడ ఒక మూడవ మనిషి ఉన్నాడు. ఆయన ఆనందరాయరు, క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు. దొరలకు వాక్యం కూర్చిపెట్టినది ఆయనే. గ్రంథం డి గ్రాంజెస్ పేరుతో చరిత్రకెక్కినది. ఆనందరాయరి పేరు మిషను చరిత్రలను వెదికేవారికి తప్ప తెలియదు.

ఈ మిషనులకు ధనం ఎక్కడిది? లండన్ మిషనరీ సొసైటీ ఇంగ్లండు స్కాట్లండులలోని సామాన్యుల చందాలమీద నడిచిన సంస్థ. వారం వారం పెన్నీలు వేసిన పనివారు, బడిపిల్లలు దాని దాతలు. విశాఖలో ఆ సొసైటీ పేరు మిగిలినది. ఆ పెన్నీల పేర్లు మిగలలేదు. ఆ తరువాత ఉత్తరకోస్తాలో ప్రధానంగా పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషను పోషణ కూడా ఆ విధంగానే జరిగినది. ఇక తెలుగు క్రైస్తవ కుటుంబాలలో 'పిడికెడు బియ్యం' అనే ఆచారమున్నది. పూటపూటా అన్నం వండేముందు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తుంది. వారాంతాన అది గుడికి చేరుతుంది. కూలినాలి చేసుకునే ఇళ్ళలోనూ ఇది తప్పేది కాదు. పల్లెలలో ఎన్నో ప్రార్థనామందిరాల గోడలు ఈ పిడికిళ్ళతో లేచినవే. ఏ శిలాఫలకం మీదా ఆ ఇల్లాళ్ళ పేర్లుండవు.

కథోలికుల సంగతికి వస్తే, ఫ్రాన్సుకు చేరువలోని సవాయి ప్రాంతపు ఆన్సీ పట్టణం నుండి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన గురువులు 1846లో విశాఖ చేరారు. మరుసటి సంవత్సరమే, 1847లో, సెయింట్ అలోషియస్ పాఠశాల వెలసినది. సర్ సి.వి. రామన్ మెట్రిక్యులేషను ఉత్తీర్ణులైనది ఈ బడినుండే. ఆయనకప్పుడు 11 సంవత్సరాలు. 1849లో అదే ఆన్సీ నుండి సెయింట్ జోసెఫ్ సభ సిస్టర్లు యానాం వచ్చారు. తరువాత విశాఖకు విస్తరించి ఆడపిల్లల చదువుకూ రోగుల సేవకూ పూనుకున్నారు. ఆ కాలంలో ఓడెక్కి ఇక్కడికి వచ్చినవారిలో ఎంతోమంది ఎండకూ జ్వరాలకూ బలై తిరిగి స్వదేశం చూడలేదు. మతప్రచారం వారి ఉద్దేశమనడంలో సందేహం లేదు. అయినా వారు పెట్టిన బడులలో చదువుకున్నవారు అన్ని మతాలవారూను.

ఇప్పుడు దేశీయ దాతల వైపు వద్దాం. 19వ శతాబ్దపు విశాఖలో నాకు అత్యంత ఇష్టుడైన వ్యక్తి గోడే వేంకట జగ్గారావుగారు (1817-1856). జమీందారీ కుటుంబంలో పుట్టి, మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద ఖగోళశాస్త్రం అభ్యసించి, 1840లో విశాఖలోని తమ సొంత స్థలంలో ఒక వేధశాల నెలకొల్పారు. ప్రభుత్వం కానిది, పరిషత్తు కానిది, ఒక తెలుగువాడు తన ఉత్సాహంతో తన ఖర్చుతో నడిపిన వేధశాల అది. ఆయన అనంతరం అల్లుడు అంకితం వేంకట నరసింగరావుగారు (1827-1892) దానిని కొనసాగించారు. ఈయన డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం వదలి నక్షత్రాల వెంట నడిచినవారు. 1868 సూర్యగ్రహణాన్ని, 1874లో సూర్యబింబం మీదుగా సాగిన శుక్రుని సంక్రమణాన్ని పరిశీలించినవారు. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకున్నది.

ఏవీఎన్ అంటే ఈ అంకితం వేంకట నరసింగరావుగారే. కళాశాల మూలం 1860లో పెట్టిన ఆంగ్లో వర్నాక్యులర్ పాఠశాల. 1878లో అది కళాశాల స్థాయికి ఎదిగినది. నరసింగరావుగారు గతించిన తరువాత ఆయన భార్య అచ్చయ్యమ్మగారు ఇచ్చిన భూరివిరాళంతో దానికి 'మిసెస్ ఏ.వి.ఎన్. కాలేజీ' అన్న పేరు స్థిరపడినది. సి.వి. రామన్ తండ్రిగారు ఇక్కడ అధ్యాపకులు. రామన్ కూడా ఇక్కడ చదివారు. చరిత్రకారుడు పి.టి. శ్రీనివాస అయ్యంగారు దీనికి ప్రిన్సిపాలుగా పనిచేశారు.

మరి ఆ పేరులోని విచిత్రం చూడండి. ధనమిచ్చినది అచ్చయ్యమ్మగారు. జగ్గారావుగారి కుమార్తె ఆమె, అంటే వేధశాల తండ్రిది, దాని కొనసాగింపు భర్తది, కళాశాల దానం తనది. అయినా ఫలకం మీద ఆమె ఒక 'మిసెస్' మాత్రమే. దాతగా ఎక్కవలసిన పేరు భర్త పొడి అక్షరాల వెనుక దాగినది. వాడుకలో ఆ 'మిసెస్' కూడా జారిపోయి ఏవీఎన్ కాలేజీ మిగిలినది. పేరున్న దాతలలోనూ పేరులేనివారుంటారనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు.

సత్రం సంగతి ఇందుకు సరిగా ఎదురు. టర్నర్ 1880లలో జిల్లా కలెక్టరు. కలెక్టరంటే జీతం పుచ్చుకునే అధికారి. సత్రం కట్టించేటంత ఆస్తి ఉద్యోగంవల్ల వచ్చేది కాదు, రాకూడదు కూడా. అయినా ఆయన గౌరవార్థం సత్రానికి ఆయన పేరు నిలిచినది. బొబ్బిలిరాజా కట్టించిన టౌన్‌హాలుకు మాత్రం టౌన్‌హాలన్న పేరే మిగిలినది. ఒక ఊరు ఎవరి పేరును నాలుకమీద నిలుపుకుంటుందో, ఎవరిని మరుస్తుందో చెప్పగల సూత్రమేదీ ఉన్నట్లు తోచదు.

కురుపాం మార్కెట్ పేరు ఉత్తరాన పార్వతీపురం దిక్కునున్న కురుపాం సంస్థానానిది. వైరిచర్ల వంశపు ఆ ప్రభువులకు విశాఖలో ఇళ్ళూ స్థలాలూ ఉండేవి. పాతనగరపు ఇరుకు వీధులలో బంగారు దుకాణాలు, పూజాసామగ్రి అంగళ్ళు, కిరాణా హోల్‌సేలు వ్యాపారాలు ఆ మార్కెట్ చుట్టూ అల్లుకున్నాయి. మా వైపు పెళ్ళి కుదిరితే మంగళసూత్రం మొదలు పసుపుకొమ్ము దాకా అక్కడే బేరం. కొంచెం దూరంలోని పూర్ణా మార్కెట్ కూరగాయలకూ దినుసులకూ పేరుపొందినది. ఈ రెండు మార్కెట్లకూ సరుకు నడిచివచ్చినది పల్లెలనుండే కదా. బెల్లమైతే అనకాపల్లి మీదుగా. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అనకాపల్లిది ఒకటి. చోడవరం, దేవరాపల్లి, మాడుగుల ప్రాంతాల చెరకు పెనంమీద ఉడికి దిమ్మలై అక్కడికి చేరేది.

ఇక్కడ ఒక చిన్న ఆర్థిక విషయం చెప్పాలి. దేశమంతటా వర్తకులలో 'ధర్మాదా' అనే పద్దు ఒకటి ఉండేది. బస్తాకింతని, బండికింతని ధర్మంకోసం తీసి ఖాతాలో జమకట్టడం. గుడి ఉత్సవానికి, సత్రానికి, గోశాలకు, చలివేంద్రానికి ఆ సొమ్ము వెళ్ళేది. మంచి ఆచారమే. కానీ ఆ 'ఇంత' వర్తకుని లాభంనుండి తీయవలసినదే అయినా, అనేకచోట్ల రైతుకు చెల్లించే ధరలోనుండి మినహాయించేవారు. 1928లో నివేదిక సమర్పించిన రాజ వ్యవసాయ కమిషను, మార్కెట్లలో ధర్మకార్యాల పేరిట రైతు సొమ్మునుండి జరిగే ఇటువంటి మినహాయింపులను ప్రస్తావించి, మార్కెట్లకు చట్టబద్ధమైన నియమాలుండాలన్నది. 1933లో మద్రాసు రాష్ట్రంలో వాణిజ్యపంటల మార్కెట్ల చట్టం వచ్చినది. ఆచారానికి ధర్మమని పేరు, దానికి దాత వర్తకుడు, చెల్లింపు రైతుది. తెలియకుండానే దానమిచ్చినవాడిని ఏమనాలి?

ఇదే ప్రశ్నను జమీందారీ దానాలకు అన్వయించి చూద్దాం. మద్రాసు రాష్ట్రంలో విశాఖపట్నం జిల్లా అంతగా జమీందారీల కింద ఉన్న జిల్లా మరొకటి అరుదు. 1802లో కంపెనీ ఇక్కడ శాశ్వత సెటిల్‌మెంటు అమలుచేసినది. పాత సంస్థానాలకు పేష్కషు నిర్ణయించినది. ప్రభుత్వం చేతిలో నేరుగా ఉన్న హవేలీ భూములను ముక్కలుచేసి వేలంవేసినది. ఆ విధంగా కొత్త ఎస్టేటుదారులు పుట్టారు. జమీందారు ప్రభుత్వానికి కట్టవలసిన పేష్కషు శాశ్వతంగా ఒకే మొత్తం. రైతు జమీందారుకు కట్టవలసిన శిస్తుకు మాత్రం అటువంటి శాశ్వతత్వం దక్కలేదు. అది పెరుగుతూ వచ్చినది. పెరిగిన శిస్తుకూ పెరగని పేష్కషుకూ నడుమ మిగిలిన దానిలోనుండే కోటలూ మేడలూ ఏనుగులూ వచ్చినవి; కళాశాలలూ ఆసుపత్రులూ కూడా అందులోనుండే వచ్చినవి.

ఈ ధనం ఎంత దూరం పోయినదో రెండు ఉదాహరణలు చెబుతాను. విజయనగరం మహారాజా విజయరామ గజపతిరాజుగారు (1826-1879) లండన్ ప్రజల దాహం తీర్చడానికి హైడ్‌పార్కులో, మార్బుల్ ఆర్చి దగ్గర ఒక మంచినీటి ఫౌంటెను కట్టించారు. 1868లో అది ప్రారంభమైనది, 1964లో తొలగించారు. దాదాపు నూరేళ్ళపాటు లండన్ బాటసారులు విజయనగరం వారి ధర్మాన గుక్కెడు నీళ్ళు త్రాగారన్నమాట. ఆయన కుమారుడు ఆనందగజపతిగారు మాక్స్‌ముల్లర్ ఋగ్వేదం రెండవ ముద్రణకు ద్రవ్యసహాయం చేశారు. 1890-92 నడుమ ఆ సంపుటాలు వెలువడినాయి. గురజాడవారి ప్రతిభను గుర్తించి ఆదరించినదీ ఈ ప్రభువే. విజయనగరంలో 1857లో పెట్టిన పాఠశాల 1879లో మహారాజావారి కళాశాల కావడం ఆ కుటుంబపు కీర్తిలోనిదే. ఇవన్నీ గర్వించదగిన దానాలని నేను ఒప్పుకుంటాను. కానీ హైడ్‌పార్కులో నీళ్ళు త్రాగినవానికి, ఆ చల్లదనం ఏ శిస్తుబండి మీద ప్రయాణించి వచ్చినదో తెలిసే అవకాశం లేదు. వర్షం లేని ఏడు బావి తవ్వుకోలేక పొలం బీడుపెట్టుకున్న రైతు సొమ్ము కూడా అందులో ఉండి ఉంటుంది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు సంగతి మరొకటి. 1926లో ఏర్పడిన ఆ సంస్థ బెజవాడనుండి వాల్తేరు చేరిన తరువాత, జయపురం మహారాజా విక్రమదేవవర్మగారు దానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. వారే స్వయంగా పండితులు, కవిపోషకులు. విశ్వవిద్యాలయపు విజ్ఞానశాస్త్ర కళాశాల వారి సంస్థానం పేరు ధరించినది. జయపురం సంస్థానమంటే అత్యధికభాగం కొండలు, అడవులు, అక్కడి గిరిజనులు. ఆ లక్షలో కొండపోడు చేసుకునేవారి చెల్లింపులెంతో, అడవి రాబడి ఎంతో లెక్కగట్టినవారు లేరు. అడవిబిడ్డల సొమ్ముతో సముద్రతీరాన ప్రయోగశాలలు లేచినాయి. వాటిలో చదివే అవకాశం ఆ బిడ్డల మనుమలకు ఎన్ని దశాబ్దాల తరువాత కలిగినదో మనకు తెలుసు.

రైతులు ఈ లెక్క అడగకపోలేదు. 1908 ఎస్టేటు భూముల చట్టం వారికి కొంత రక్షణ ఇచ్చినది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చినప్పుడు రెవెన్యూమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఒక సంఘం విచారణ జరిపి, 1938లో నివేదిక ఇచ్చినది. శిస్తులను 1802 నాటి స్థాయికి తగ్గించాలన్నది దాని సిఫార్సులలో ముఖ్యమైనది. మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో అది చట్టం కాలేదు. చివరకు 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చి ఆ అధ్యాయం ముగిసినది. దానితోపాటే సంస్థానాధీశుల దానాల కాలమూ ముగిసినది. శిస్తు పోయినచోట దానం కూడా ఆగినదంటే, దానానికి ఊట ఎక్కడున్నదో వేరే చెప్పనక్కరలేదు.

ఇంతచెప్పి జమీందారుల దానం దానమే కాదని తేల్చడం నా అభిమతం కాదు. అదే శిస్తు రాబడితో గుర్రప్పందేలు, నాట్యమేళాలు, దావాలు తప్ప మరేమీ చేయని ఎస్టేటుదారులు కూడా ఉన్నారు. చేతికందిన ధనాన్ని నలుగురికి పనికివచ్చే చోట పెట్టాలన్న బుద్ధి పుట్టడం చిన్న విషయం కాదు. జగ్గారావుగారి దుర్భిణి లేకపోయినా ఆ శిస్తు వసూలయ్యేదే. కనుక దాతకు నమస్కారం చేయవలసినదే. అయితే ఆ నమస్కారం రెండుచేతులతో జరగాలి. ఒకటి ఇచ్చినవారికి, రెండవది చెల్లించినవారికి.

కింగ్ జార్జి ఆసుపత్రిని చూస్తే ఈ లెక్కకు మరొకవైపు కనిపిస్తుంది. 1845 ప్రాంతంలో చిన్న వైద్యశాలగా మొదలైన ప్రభుత్వవైద్యం 1923 నాటికి పెద్ద ఆసుపత్రిగా రూపొందినది. 1923 జులై 19న నాటి మద్రాసు ప్రధానమంత్రి పానగల్లు రాజా దానిని ప్రారంభించారు. అదే నెలలో మొదలైన వైద్యకళాశాలే నేటి ఆంధ్ర వైద్యకళాశాల. గోషాపాటించే స్త్రీలకోసం పాతనగరంలో విక్టోరియా ఆసుపత్రి ఉండేది. ఊరివారికి అది నేటికీ ఘోషాసుపత్రి. గోషా ఏనాడో పోయినది, ప్రసవాలు సాగుతున్నాయి. కేజీహెచ్‌కు ఉత్తరాంధ్ర జిల్లాలనుండే కాక ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుండి కూడా రోగులు వస్తారు. రాజుగారి పేరున్న ఆ ఆసుపత్రి వరండాలలో తుండుగుడ్డ పరచుకుని పడుకున్నవారిలో నూటికి తొంభైమంది పల్లెజనం. వారి తాతలు కట్టిన శిస్తులు, వారు కట్టే పన్నులు ఆ గోడలలో ఉన్నాయి. అయినా వారు అక్కడ చేతులు కట్టుకునే నిలబడతారు, ఎవరో దయతలచి పెట్టినట్లు. తమ సొమ్ముతో లేచిన ఇంట్లో తాము అతిథులమనుకోవడం ఎంత బాధాకరం!

1930ల నాటికి మరొకరకం ధర్మసంస్థలు విశాఖలో కనిపిస్తాయి. వాటిలో పేరెన్నికగన్నది ప్రేమసమాజం. ఒక రాజుగారి పేరుగానీ, దొరగారి పేరుగానీ దానికి లేదు. ఉన్నదొక గుణం పేరు. అనాథబాలలకు ఆశ్రయం, వృద్ధులకు నీడ దాని ముఖ్యసేవలు. గుమాస్తాలు, చిన్నవర్తకులు, గృహిణులు ఇచ్చే చిన్నచిన్న మొత్తాలమీద నిలిచే సంస్థలు ఈ కోవకు చెందినవి. పెళ్ళిరోజుకొక పూట భోజనం, తద్దినానికొక పూట భోజనం - ఈ పద్ధతిలో దానం ఒక కుటుంబపు కీర్తికాక, ఊరి అలవాటు అవుతుంది. పిడికెడు బియ్యానికీ దీనికీ మూలసూత్రం ఒక్కటే.

ఇచ్చిపుచ్చుకోవడంలో పల్లెవంతు ఎంతటిదో 1942లో ఒకసారి స్పష్టంగా కనబడినది. 1933లో తెరచిన ఓడరేవు మీద 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు బాంబులు వేశాయి. పట్నం ఖాళీ అయినది. బండ్లలోనూ, రైళ్ళలోనూ, కాలినడకనూ జనం పల్లెలకు తరలిపోయారు. చుట్టరికమున్నవారికి ఇల్లు దొరికినది, లేనివారికి అరుగు దొరికినది. ఆ ఆతిథ్యానికి ఎవరూ ఫలకం పెట్టించలేదు, పెట్టమని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేటి సంగతి. పట్నానికి నీటి ఎద్దడి పాతదే. 1902లో ముడసర్లోవ జలాశయం వచ్చినది. పట్నం పెరిగినకొద్దీ గోస్తనీ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ ఒక్కొక్కటే తోడైనాయి. వాటి వరుసలో చేరినదే మా దేవరాపల్లి మండలంలో శారదానది మీద కట్టిన రైవాడ జలాశయం. ఆ నీరు కాలువవెంట విశాఖ చేరి కుళాయిలలో ప్రవహిస్తుంది. కురుపాం మార్కెట్ దుకాణదారు, ఏవీఎన్ విద్యార్థి, కేజీహెచ్ రోగి, చర్చి ముందు పూలమ్మే అవ్వ దాహం తీర్చుకునే నీటిలో ఒక పాలు మా శారదది. ఇటు మా రైతులు, రైవాడ నీటిని పూర్తిగా సాగుకే విడువమని ఏళ్ళ తరబడి కోరుతున్నారు. నారుమడి ఎండుతూ ఉండగా పక్క కాలువలో నీరు పట్నం పోవడం చూచినవాని మనసు ఎట్లుంటుందో వేరే వర్ణించనక్కరలేదు.

పట్నానికి నీళ్ళివ్వవద్దని నేననలేను. దాహానికి మించిన ధర్మం లేదు. మా పిల్లలూ ఆ పట్నంలోనే ఉన్నారు, ఆ నీరే త్రాగుతున్నారు. నేననేది మర్యాదకు సంబంధించిన మాట. హైడ్‌పార్కులో నీళ్ళు పెట్టినందుకు విజయనగరం పేరు రాతిమీద చెక్కారు. విశాఖలో ఏ కుళాయి దగ్గరా శారదానది పేరు, రైవాడ ఆయకట్టు పేరు ఉండవు. ఇచ్చినవారి పేరు తెలిసినప్పుడే పుచ్చుకున్నవారికి బాధ్యత గుర్తుంటుంది. తెలియకపోతే నీరు కుళాయిలో పుట్టినట్లే ఉంటుంది. పల్లెలో ఎండిన మడి వార్తాపత్రిక మూలలో ఒక చిన్నవార్తగా మిగులుతుంది. ఈ ఎరుక ఉన్నట్లయితే జలాశయం మరమ్మతు గురించి, ఆయకట్టు చివరి పొలానికి నీరందడం గురించి, పట్నంలో వృథాగా పారే నీటి గురించి జరిగే చర్చలో ఇరువైపులవారూ సమానులుగా కూర్చోగలరు.

పాతనగరపు కట్టడాలు శిథిలమవుతున్నాయని వగచేవారిలో నేనూ ఒకడిని. వాటిని నిలబెట్టుకోవాలి, ఫలకాలు తుడిచి మళ్ళీ చదవాలి. అయితే ఆ ఫలకాలు చెప్పని చరిత్ర కూడా వాటితోపాటు చదవాలని నా విన్నపం. అచ్చయ్యమ్మగారి పేరు కళాశాల పిల్లలకు తెలియాలి. ఆనందరాయరి పేరు తెలుగు వచన చరిత్రలో ఉండాలి. సత్రం ముందు, మార్కెట్ ముందు, ఆసుపత్రి ముందు పల్లెవాడు చేతులు కట్టుకోకుండా నిలబడాలి.

చదువరులైన మిత్రులందరికీ తమతమ ఊళ్ళలో ఇటువంటి పేర్లు తటస్థపడే ఉంటాయి. రాజుగారి చెరువు, దొరగారి బంగళా, సెట్టిగారి సత్రం, మిషను ఆసుపత్రి. వాటిని కట్టించినవారి గురించి మనం ఎంతో కొంత వ్రాసుకుంటూనే ఉన్నాం. వాటికి చెల్లించినవారి గురించి, రాళ్ళెత్తినవారి గురించి పెద్దలు బ్రతికి ఉండగానే అడిగి తెలుసుకుని వ్రాయగలిగితే, మన ఊళ్ళ చరిత్రలో సగం ఖాళీ పూడుతుందని నా నమ్మకం.